కథ నియమంగా మారే చోటు: ఫాంటసీ కార్డుల ఆటలో సొంత విస్తరణల రూపకల్పన – ఒక పరిశీలన

ప్రవేశిక

ఒక ప్రక్రియలోని కథను మరొక ప్రక్రియలోకి తీసుకురావడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పురాణకథ ప్రబంధంగా, యక్షగానంగా, హరికథగా, నాటకంగా, చలనచిత్రంగా రూపాంతరం చెందుతూ వచ్చింది. ఈ రూపాలన్నిటిలోనూ కథను నడిపేవారు ఒకరు, గ్రహించేవారు మరొకరు. ఆటలో ఈ విభజన ఉండదు. ఆడేవారే కథను జరిపిస్తారు, దాని ఫలితాన్ని అనుభవిస్తారు. అందువల్ల కథను ఆటగా మార్చేవారు ఎదుర్కొనే సమస్య అనువాదకుని సమస్య కంటే, నాటకకర్త సమస్య కంటే భిన్నమైనది.

ఆ సమస్య స్పష్టంగా కనిపించే ప్రక్రియ ఒకటి గత మూడు దశాబ్దాలలో రూపొందింది. అది ఫాంటసీ ట్రేడింగ్ కార్డుల ఆట. ఇందులో ఎప్పటికప్పుడు కొత్త కార్డుల సముదాయాలు వెలువడుతుంటాయి. వీటిని ‘ఎక్స్‌పాన్షన్ సెట్లు’ అంటారు. ఈ వ్యాసంలో వాటికి ‘విస్తరణ’ అనే పదం వాడబడింది. ప్రచురణ సంస్థతో నిమిత్తం లేకుండా, అభిమానులు తమ మిత్రబృందం కోసం సొంతంగా విస్తరణలు రూపొందించుకోవడం కూడా ఈ ఆటతోపాటే పెరిగిన అలవాటు. ఇటువంటి విస్తరణలలో కథావస్తువు ఏ మేరకు ఆటగా మారుతుంది, ఏ మేరకు కేవలం అలంకారంగా మిగిలిపోతుంది అన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట స్వరూపం – విస్తరణ పుట్టుక

ఈ ప్రక్రియకు మూలమైన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ 1993 ఆగస్టులో అమెరికాలో వెలువడింది. రూపకర్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితశాస్త్రవేత్త. ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్. ఆట స్థూలరూపం ఇది: ఇద్దరు ఆటగాళ్లు ఎవరి కట్ట వారు తెచ్చుకుంటారు. ఒక్కొక్కరికి 20 ఆయువు పాయింట్లు ఉంటాయి. భూమి కార్డుల నుండి ‘మానా’ అనే శక్తి లభిస్తుంది. ఆ శక్తిని వెచ్చించి మంత్రాలను ప్రయోగిస్తారు, ప్రాణులను రప్పిస్తారు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అనే అయిదు రంగులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం ఉంటుంది. సాధారణంగా కార్డు మీద పేరు, బొమ్మ, వెల, నియమం అనే నాలుగు అంశాలు ఉంటాయి. సాధారణ నియమాలను ఒక్కొక్క కార్డు తన మేరకు మార్చగలదు. పేకాటకు, ఈ ఆటకు గల మౌలికమైన భేదం ఇదే.

తొలి విస్తరణ 1993 డిసెంబరులో ‘అరేబియన్ నైట్స్’ పేరుతో వచ్చింది. దానిని గార్‌ఫీల్డ్ ఒక్కరే రూపొందించారు. వస్తువు వెయ్యిన్నొక్క రాత్రుల కథలు. ఆ తరువాత వచ్చిన ‘ఐస్ ఏజ్’ (1995), ‘మిరాజ్’ (1996) వంటి విస్తరణల రూపకర్తలు ఆట అచ్చుకాక ముందు దానిని ఆడి పరీక్షించిన మిత్రబృందాలవారు. అంటే ఇంట్లో, స్నేహితుల నడుమ కార్డులు రాసుకోవడం ఈ ప్రక్రియకు తరువాత అంటుకున్న అభిమానుల వేడుక కాదు. ప్రక్రియ పుట్టుకలోనే అది ఉంది. కాబట్టి సొంత విస్తరణలను వృత్తిరచనకు అనుకరణలుగా కాక, స్వతంత్ర రచనలుగానే పరిశీలించడం న్యాయం.

పేరు, స్థానం, నియమం

కథకు, ఆటకు గల సంబంధం మూడు స్థాయిలలో ఉండవచ్చు. మొదటి రెండింటికి మన దేశపు ఆటలలోనే ఉదాహరణలు ఉన్నాయి.

తెలంగాణలోని నిర్మల్ సహా పలు కేంద్రాలలో చిత్రకారులు గంజీఫా కార్డులు తయారుచేసేవారు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 కార్డులు ఉంటాయి. ప్రతి రంగు ఒక అవతారానిది. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెలు ఉంటాయి. సగం రంగులలో అంకెల విలువ క్రమం తలకిందులవుతుంది. కాని మత్స్యావతారపు కార్డు సముద్రంలో ఈదదు, వరాహపు కార్డు భూమిని పైకెత్తదు. పగటి ఆటను రాముడి కార్డు, రాత్రి ఆటను కృష్ణుడి కార్డు ఉన్నవారు ఆరంభించే ఆచారంలో సూర్యచంద్ర వంశాల స్మృతి లీలగా కనిపిస్తుంది. తక్కినచోట్ల అవతారం రంగుకు పేరు మాత్రమే. ఇది పేరు స్థాయి.

వైకుంఠపాళిలో సంబంధం మరికొంత గాఢమైనది. పుణ్యం నిచ్చెనగా, పాపం పాముగా ఉంటాయి. పైకి పోవడం, కిందికి జారడం అనే చలనంలోనే నీతి ఉంది. చివరి గడులకు చేరువలో ఉన్న పెద్దపాము నోటబడిన పిల్లవానికి పతనమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర లేదు. అయితే ఇందులో ఆటగాడు చేసే నిర్ణయం ఏదీ లేదు, పందెం ఎటు పడితే అటు పోవడమే. ఇది స్థానం స్థాయి.

మూడవది నియమం స్థాయి. ఇక్కడ కథలోని పాత్ర ఎదుర్కొన్న పరిస్థితిని ఆటగాడు తన నిర్ణయం ద్వారా ఎదుర్కొంటాడు. ఫాంటసీ కార్డుల ఆట అందుకోగలిగినది, చాలాసార్లు అందుకోలేకపోయినది ఈ స్థాయినే.

అరేబియన్ నైట్స్: కథ నియమమైన తీరు

ఈ విస్తరణలోని ‘ఆలీబాబా’ కార్డును చూడవచ్చు. ఆలీబాబా బలహీనమైన ప్రాణి. ఎరుపు మానా ఒకటి వెచ్చిస్తే అతడు ఎదుటివారి గోడను పక్కకు తిప్పగలడు. పక్కకు తిరిగిన గోడ అడ్డుకోలేదు. కార్డు మీద గుహ లేదు, నలభైమంది దొంగలు లేరు. మాట అంటే బండ తొలగిపోవడం అనే కీలకం మాత్రం నియమంలో ఉంది.

‘సింద్‌బాద్’ కార్డు ఇంకా సున్నితమైనది. అతనిని పక్కకు తిప్పి కట్టలోంచి ఒక కార్డు తీసి అందరికీ చూపాలి. అది భూమి కార్డయితే చేతిలో ఉంచుకోవచ్చు, కాకపోతే పారవేయాలి. నావికుడు బయలుదేరుతాడు, తీరం దొరికితే దక్కించుకుంటాడు, లేకపోతే సరుకంతా సముద్రం పాలు. ఆటలో నిత్యం వాడే ‘భూమి’ అనే పారిభాషిక పదానికి సముద్రయాన కథ సహజార్థాన్ని తిరిగి ఇచ్చింది. శ్లేషకు అలవాటుపడిన తెలుగు పాఠకుడు ఈ చమత్కారాన్ని సులభంగా గుర్తించగలడు. సింద్‌బాద్ భుజాలెక్కి దిగని ముసలివాని కథ ‘ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ది సీ’ కార్డయింది. ఆ ముసలివాడు పక్కకు తిరిగి ఉన్నంతసేపు తనకంటే బలం మించని ఎదుటివారి ప్రాణి ఒకటి అతని వశంలో ఉంటుంది. అతడు తిరిగి నిలబడితే పట్టు తప్పుతుంది.

ఈ విస్తరణకు శిఖరం ‘షహ్రజాద్’. ఆ కార్డు ప్రయోగించగానే జరుగుతున్న ఆట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆటగాళ్లు తమ కట్టలలో మిగిలిన కార్డులతో మరొక ఆట ఆడాలి. అందులో ఓడినవారు అసలు ఆటలో తమ ఆయువులో సగం కోల్పోతారు. లోపలి ఆటలో ఈ కార్డు మరొకటి పడితే దాని లోపల మూడవ ఆట మొదలవుతుంది. కథాసరిత్సాగరం మొదలు కాశీమజిలీ కథల దాకా కథలో కథను ఎరిగిన పాఠకునికి ఈ నిర్మాణం పరిచితమే. ప్రాణం నిలుపుకోవడానికి కథ చెప్పిన స్త్రీని ప్రతి విస్తరణకర్తా బొమ్మగా గీయగలడు. ఆమె చేసిన పనిని, అంటే ముగింపును వాయిదా వేయడాన్ని, గార్‌ఫీల్డ్ ఆటగాళ్ల చేత చేయించారు.

ఈ నాలుగు కార్డులను కలిపి చూస్తే ఒక సూత్రం బయటపడుతుంది. కథ ఒకసారి జరుగుతుంది, కార్డు పదేపదే పనిచేస్తుంది. కాబట్టి కార్డుగా మారవలసినది కథలోని సంఘటన కాదు, ఆ సంఘటనను పదేపదే పుట్టించగల ధర్మం. బండ తెరుచుకోవడం, తీరం చేరడం, భుజం దిగకపోవడం, కథను ఆపి మరొక కథ ఎత్తుకోవడం అన్నీ ఆవృత్తికి లొంగే చర్యలు. వెయ్యి రాత్రులు, ఏడు యాత్రలు అంటూ మూలంలోనే ఆవృత్తి ఉన్న కథలు ఈ ప్రక్రియకు ఒదిగిపోవడం యాదృచ్ఛికం కాదు.

పరీక్ష – దాని పరిమితులు

పై సూత్రం నుండి ఒక పరీక్షను రూపొందించుకోవచ్చు. కార్డు నుండి పేరు, బొమ్మ తీసివేస్తే కథ మిగులుతుందా? మిగిలితే కథ నియమంలో ఉన్నట్లు, మిగలకపోతే పైపూతగా ఉన్నట్లు.

అరేబియన్ నైట్స్‌లోనే ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గని కార్డులు ఉన్నాయి. ‘జుజామ్ జిన్’, ‘సెరెండిబ్ ఇఫ్రీత్’ రెండూ తక్కువ వెలకు లభించే బలమైన ప్రాణులు. ప్రతి వంతులోనూ తమ యజమానికి ఒక పాయింటు హాని చేస్తాయి. భూతసేవకు మూల్యం తప్పదన్న భావం రెండింటిలోనూ ఉంది. కాని పేర్లు తారుమారు చేసినా ఆ భావం చెడదు. అయినా సెరెండిబ్ అన్న పేరు వినగానే సింహళద్వీపమూ, సింద్‌బాద్ యాత్రా స్ఫురించే పాఠకునికి అది వ్యర్థమైన పేరు కాదు. పేరుకు ధ్వనిశక్తి ఉంది. పరీక్ష ఉద్దేశం ఆ శక్తిని నిరాకరించడం కాదు, నియమం చేయవలసిన పనిని పేరు మీద మోపకూడదని గుర్తుచేయడం.

భారతీయ ఛాయలతో 2016లో వెలువడిన ‘కలదేశ్’ విస్తరణ ఈ సందర్భంలో ప్రత్యేకంగా చర్చించదగినది. అది యంత్రకళాకారుల, ఆవిష్కర్తల లోకం. శక్తిని కూడబెట్టి వెచ్చించే నియమం, ప్రాణులు నడిపే వాహనాల నియమం ఆవిష్కరణ అనే వస్తువును చక్కగా వహించాయి. భారతీయత మాత్రం పేర్లలో, వస్త్రాలలో, కట్టడాల తీరులో నిలిచింది. పేర్లూ బొమ్మలూ తీసివేస్తే ఆవిష్కరణ మిగులుతుంది, భారతదేశం మిగలదు. పేరు విషయంలోనూ చిక్కు ఉంది. హ్రస్వదీర్ఘ భేదం చూపని రోమన్ లిపిలో ఆ పేరును కళల దేశమనీ చదవవచ్చు, హిందీలో నల్లని దేశమనీ చదవవచ్చు. 2025లో వచ్చిన ‘ఈథర్‌డ్రిఫ్ట్’ విస్తరణలో ఆ లోకం పేరు ‘ఆవిష్కార్’గా మారింది. ఒక సంస్కృతిని పేరు స్థాయిలో స్వీకరించినప్పుడు ఆ పేరు తప్పటడుగు వేస్తే ఆసరాగా నిలిచేది మరేదీ ఉండదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

షహ్రజాద్ చరిత్ర మరొక పరిమితిని చూపుతుంది. ఆటలో ఆట వల్ల సమయం విపరీతంగా పెరుగుతుంది. పోటీలకు గడియారం ఉంటుంది. 2007లో ఆ కార్డును అధికారిక పోటీలలో నిషేధించారు. విస్తరణ మొత్తంలో కథను అత్యంత నిజాయితీగా మోసిన కార్డు పోటీవ్యవస్థలో ఇమడలేకపోయింది. సొంత విస్తరణకు ఈ బంధనం లేదు. అది అమ్ముడుపోనక్కర లేదు, పోటీ గడువులో ముగియనక్కర లేదు. వృత్తిరచన వదులుకోక తప్పనిదాన్ని నిలుపుకోగలగడమే సొంత విస్తరణకు గల అసలు అవకాశం. ఆ అవకాశం ఉండి కూడా అది పేర్ల మార్పిడితో తృప్తిపడితే లోపం వనరులది కాదు, దృష్టిది.

బేతాళుడు: ఒక నిరూపణ

ఈ సూత్రాన్ని తెలుగువారికి సుపరిచితమైన కథ మీద ప్రయోగించి చూడవచ్చు. ‘చందమామ’ ద్వారా తరతరాల తెలుగు పిల్లలకు చేరిన విక్రమార్క బేతాళ కథలను ఎవరైనా విస్తరణగా మార్చదలచారనుకుందాం. మొదటి ప్రయత్నంలో సాధారణంగా పుట్టేది కత్తి పట్టిన బలమైన విక్రమార్కుడు, ఎగిరే బేతాళుడు. పేర్లు తీసివేస్తే ఒక వీరుడు, ఒక పిశాచం మిగులుతారు. కథ మిగలదు.

రెండవ ప్రయత్నం మౌనం మీద దృష్టి పెడుతుంది: ఆటగాడు నోరు విప్పితే బేతాళుడు చేయి జారిపోవాలి. ఇటువంటి నియమం ఫలితం ఎలా ఉంటుందో ఇంతకు ముందే తెలిసింది. 2004లో హాస్యధోరణిలో వచ్చిన ‘అన్‌హింజ్డ్’ విస్తరణలో ఎదుటివారు ఫలానా మాట పలికితే శ్మశానం నుండి చేతికి తిరిగివచ్చే కార్డులు ఉండేవి. వాటితో ఆడేటప్పుడు అందరికన్న తెలివైన పని మాట్లాడకుండా కూర్చోవడం. నవ్వుకోవడానికి చేసిన కార్డులు నవ్వును ఆపేశాయి. ఆ ఆట ప్రధాన రూపకర్త మార్క్ రోజ్‌వాటర్ దానిని తన పొరపాటుగా తరువాత అంగీకరించారు. కథలోని మౌనాన్ని యథాతథంగా బల్ల దగ్గరికి తేవడం సంఘటనను తేవడమే కాని ధర్మాన్ని తేవడం కాదు.

ధర్మం ఎక్కడుంది? జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం చెట్టెక్కుతుంది. తెలియనివానికి ఏ ప్రమాదమూ లేదు. దీనిని నియమంగా రాస్తే ఇలా ఉండవచ్చు: బేతాళుడు తక్కువ వెలకు వచ్చే చాలా బలమైన ప్రాణి. యజమాని తన ప్రతి వంతు మొదట్లోనూ కట్ట మీది కార్డును బయటపెట్టాలి. దానిని తన మానాతో ప్రయోగించగల స్థితిలో ఉంటే రెండే దారులు. ప్రయోగిస్తే బేతాళుడు చేతికి తిరిగి వస్తాడు, అతనిని మళ్లీ మొదటినుండి వెల చెల్లించి తెచ్చుకోవాలి. ప్రయోగించకపోతే ఆ కార్డు వెలకు సమానమైన ఆయువు పోతుంది. అది భూమి కార్డయినా, వెల చెల్లించే శక్తి లేకపోయినా ఏమీ జరగదు.

ఈ నియమంలో విక్రమార్కుని పేరు లేదు. అయినా ఆట సాగినకొద్దీ మానా పెరుగుతుంది, అంటే జవాబులు తెలిసివస్తాయి, చిక్కు బిగుసుకుంటుంది. ఒక లొసుగు కూడా బయటపడుతుంది. కట్టను భూములతో, అందని వెలగల కార్డులతో నింపుకున్నవాని దగ్గర బేతాళుడు నిలిచిపోతాడు. దీనిని దోషంగా భావించి సవరించవచ్చు. కాని అట్టి కట్ట తక్కిన ఆటలో చతికిలబడుతుంది గనుక అజ్ఞానానికీ మూల్యం ఉన్నట్లే. పైగా మూలకథలో రాజు గట్టెక్కినది కూడా జవాబు తోచని చివరి ప్రశ్న దగ్గరే. రూపకర్త ముందుగా తలచని అర్థం ఆడేటప్పుడు నియమం నుండి వెలికిరావడం కథ నియమంలో ఇమిడిందనడానికి బలమైన నిదర్శనం.

విస్తరణ సమగ్రత – భాష

ఒక కార్డు ఎంత బాగున్నా విస్తరణ కాదు. సొంత విస్తరణలలో తరచుగా కనిపించే లోపం నాయకులతో, మహిమాన్విత వస్తువులతో మొదలుపెట్టడం. 2024కు ముందు వాడుకలో ఉన్న పదిహేను కార్డుల పొట్లంలో సాధారణంగా అరుదైన కార్డు ఒకటే వచ్చేది, పది దాకా సామాన్య కార్డులే ఉండేవి. అందువల్ల వస్తువు సామాన్య కార్డులలో కనబడకపోతే ఆ విస్తరణకు ఆ వస్తువు లేనట్లేనని రోజ్‌వాటర్ పదేపదే చెప్పారు. అరేబియన్ నైట్స్‌లో ఎడారి ఒక భూమి కార్డు. దాని వల్ల కలిగే హాని ఒంటె కార్డు ఉన్నచోట తగలదు. ఒంటెకు వేరే గొప్పతనం లేదు. కాని ఎడారికీ ఒంటెకూ గల ఆ చిన్న సంబంధం వల్ల అక్కడ ఒక లోకం ఏర్పడింది. ప్రబంధంలో పుర, ఋతు, శైల, సాగరాది అష్టాదశవర్ణనలు నిర్వహించే పని ఇక్కడ సామాన్య కార్డులది. నాయకుడు నడవడానికి ముందు నేల ఉండాలి.

వస్తుస్వీకరణ విషయంలో కూడా మన లాక్షణికుల విభజన పనికివస్తుంది. అరేబియన్ నైట్స్ వస్తువు ప్రఖ్యాతం. గ్రీకు పురాణాలకు కొత్త పేర్లూ కొత్త లోకమూ కల్పించిన ‘థెరోస్’ (2013) మిశ్రం. రామరాజభూషణుడు వసుచరిత్రలో మిశ్రవస్తువుకే మొగ్గు చూపాడు. సొంత విస్తరణకర్తకు కూడా మిశ్రమే అనుకూలం. ప్రఖ్యాత కథలో ప్రతి పాత్రకూ పాఠకుడు స్థానం కోరతాడు. మిశ్రంలో నియమానికి లొంగే పాత్రలను మాత్రమే ఎన్నుకునే స్వేచ్ఛ ఉంటుంది.

ఇటువంటి విస్తరణను తెలుగులోనే రాయదలచినవారికి మరొక సమస్య ఎదురవుతుంది. కార్డు మీది వాక్యం సూత్రం వంటిది. అల్పాక్షరంగా, అసందిగ్ధంగా ఉండాలి. తెలుగు చేదర్థక ప్రత్యయం ‘-తే’ షరతునూ, కాలాన్నీ కూడా సూచిస్తుంది. ‘ప్రాణి చనిపోతే ఒక కార్డు తీయాలి’ అన్న వాక్యం ఒక్కసారి చనిపోయినప్పుడా, చనిపోయిన ప్రతిసారీనా, లేక ఇప్పటికే చనిపోయి ఉన్నట్లయితేనా అన్న మూడు అర్థాలకూ తావిస్తుంది. మ్యాజిక్ ఆటలో ఈ మూడూ మూడు వేర్వేరు నియమాలు. తెలుగులో వీటిని ‘చనిపోగానే’, ‘చనిపోయిన ప్రతిసారీ’, ‘చనిపోయి ఉంటే’ అని విడదీసి, ఆ భేదాన్ని విస్తరణ అంతటా తప్పకుండా పాటించవలసి ఉంటుంది. సంభాషణలో సందర్భం సర్దుకునే సందిగ్ధతను కార్డు భరించలేదు. ఆ మేరకు ఈ రచన తెలుగు వాక్యనిర్మాణానికి ఒక చిన్న పరీక్షాస్థలం కూడా అవుతుంది.

ముగింపు

కథను కార్డుల ఆటగా మార్చడంలో పేరు, స్థానం, నియమం అనే మూడు స్థాయిలు ఉన్నాయి. నియమస్థాయిని అందుకోవడానికి రూపకర్త కథలోని సంఘటనను కాక, ఆవృత్తికి నిలిచే ధర్మాన్ని పట్టుకోవాలి. అరేబియన్ నైట్స్‌లోని ఉత్తమమైన కార్డులు ఈ పని చేశాయి. కలదేశ్‌లో వస్తువు నియమమైంది, సంస్కృతి వేషంగా మిగిలింది. మార్కెట్టుకూ, పోటీ గడియారానికీ కట్టుబడని సొంత విస్తరణకు షహ్రజాద్ వంటి కార్డును బతికించుకునే వెసులుబాటు ఉంది.

తెలుగు కథాసంపదను ఈ ప్రక్రియలోకి తేవాలన్న ఉత్సాహం కలిగినవారు మొదట బొమ్మలు గీయించడం కంటే, ఎంచుకున్న కథను పాత్రల పేర్లు లేకుండా ఒక్క వాక్యంలో నియమంగా రాసి చూడడం మేలు. ఆ వాక్యాన్ని కథ తెలియని ఇద్దరి చేత ఆడించాలి. చెప్పాలో మానాలో తేల్చుకోలేక వారు ఒక్క క్షణం చేయి ఆపితే, బేతాళుడు వారి భుజం మీదికి ఎక్కినట్లే.